బండలాగుడు లైవ్

టీవీలో ఎద్దు వీపు మీద చర్నాకోల ఛెళ్లుమంది.

"కొట్టరా! ఇంకోటి పీకరా!" హాల్లో మగవాళ్లంతా అరిచారు.

ఒంగోలు పక్కన ఏదో ఊళ్లో బండలాగుడు పందెం. యూట్యూబ్‌లో లైవ్.

ఆడవాళ్లు మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరుతున్నారు. మగవాళ్లు మధ్యాహ్నం భోజనాలు కాగానే కోటేష్ ఇంటికి చేరారు. అతనిది ఊళ్లోకెల్లా పెద్ద టీవీ.

ఫోన్లో బొమ్మని టీవీకి ఎక్కించడం మాత్రం ఆ ఇంట్లో అతని భార్య శ్రీరమ్యకు ఒక్కదానికే వచ్చు. అందుకే పందెం ఆమె ఫోన్లోంచే ఆడుతోంది.

శ్రీరమ్య ఎడమ చేతికి పిండికట్టు. బాత్రూంలో జారిపడిందని అత్త రాఘవమ్మ అందరికీ చెప్పింది, అడక్కముందే.

రాఘవమ్మకు ఎడమ చెవి వినపడదు. పెళ్లయిన కొత్తలో బావిగట్టు మీద జారిపడిందంట.

ఆ ఇంట్లో ఆడవాళ్లకు జారిపడటం అలవాటు.

సోఫా మధ్యలో ఊరి పెద్దమనిషి అంకమ్మరావు కూర్చున్నాడు. మొన్న శ్రీరమ్య ఆ కట్టుతోనే ఆయన గడప తొక్కింది.

"నువ్వు కొట్టాడంటావు, వాడు లేదంటాడు. చూసినవాళ్లెవరమ్మా?" అన్నాడాయన.

చూసినవాళ్లు లేరు.

గడప తొక్కినందుకు నిన్న మళ్లీ తన్నులు తింది. ఈసారి మాత్రం వంటింటి గూట్లో, కారం డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టుకుంది.

టీవీలో ఎద్దులు ముందుకాళ్ల మీద కూలాయి. చర్నాకోల పైకి లేచింది.

"వదలమాకరా, కొట్టు! దెబ్బ పడితే అవే లేస్తాయి!" అంకమ్మరావు తొడ చరుచుకున్నాడు.

గుమ్మంలో అత్త పక్కన నిలబడిన శ్రీరమ్య బొటనవేలితో ఫోన్ నొక్కింది.

టీవీ ఒక్క క్షణం నల్లబడింది.

ఛెళ్లున దెబ్బ వినపడింది.

"అదీ! ఇంకోటి!" అన్నాడు ఎవరో.

అప్పుడు బొమ్మ వచ్చింది.

టీవీ నిండా వంటిల్లు. నిలువెత్తు కోటేష్, చేతిలో బెల్టు. పొయ్యిగట్టు కింద ముడుచుకుపోయి, పిండికట్టు చేతిని తలకు అడ్డం పెట్టుకున్న శ్రీరమ్య. బెల్టు బిళ్ల ఆ కట్టు మీద పడుతోంది, పక్కటెముకల మీద పడుతోంది, నోటి మీద పడుతోంది.

"పెద్దమనుషుల దగ్గరికెళ్తావంటే? చెప్పుకో! నిన్నెవడు నమ్ముతాడో చూస్తా!" టీవీలో కోటేష్ గొంతు.

"ఆపవే దాన్ని!"

ఇది హాల్లో కోటేష్. ఒక్క దూకులో వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు. తలని గుమ్మానికేసి కొట్టాడు. అంతమంది ఉన్నారన్న సంగతే మరిచిపోయి రెండోసారీ కొట్టాడు.

ఫోన్ ఎగిరి రాఘవమ్మ కాళ్ల దగ్గర పడింది. బెల్టు చప్పుడు ఆగలేదు.

నలుగురు లేచి కోటేష్‌ని వెనక్కి లాగారు. శ్రీరమ్య గుమ్మం పట్టుకుని కూలబడింది. కనుబొమ్మ చిట్లి రక్తం పిండికట్టు మీద పడుతోంది. కళ్లు మాత్రం అంకమ్మరావు మీదే ఉన్నాయి.

అంకమ్మరావు నేల చూస్తున్నాడు.

"చూస్తావేంటే, ఆపించు! పరువు పోతాంది!" మామ యలమందయ్య భార్య మీద గర్జించాడు.

రాఘవమ్మ వంగి ఫోన్ తీసింది. కోడలి పక్కన నేల మీద చతికిలబడి, దాన్ని ఆమె కుడిచేతిలో పెట్టింది.

"సౌండ్ పెంచమ్మాయ్," అంది, మొగుడి వంక చూస్తూ. "నాకు ఎడం చెవి వినపడదుగా."