నాలుగో వచనం

శంఖం ఊదేసరికి టీచరమ్మ మసీనా ఇంకా రోడ్డు మీదే ఉంది. ఆ దీవిలో సాయంత్రం ప్రార్థన వేళ ఎవరూ రోడ్డు మీద నడవకూడదు. శంఖం ఎక్కడ వినబడితే ఆ పక్కింట్లోకి వెళ్లి కూర్చోవాల్సిందే. ఆమె గబగబా ఫిలిపో ఇంట్లోకి వచ్చేసింది.

"రండి రండి, ఈపూట మొదటి వచనం మీదే," అంది ఫిలిపో భార్య, చాప సర్దుతూ.

ఆమె కూతురు లాంగి వేళ్ల మీద లెక్క వేసుకుంది.

ఆ ఇంట్లో రోజూ బైబిలు చేతులు మారుతుంది. నానమ్మ, అమ్మ, లాంగి, చివర నాన్న. తలా ఒక వచనం. అంటే లాంగిది మూడోది, నాన్నది నాలుగోది. అక్షరాలు చూస్తే ఆ పిల్లకు చీమలు చెదిరినట్టుంటుంది, ఒక్కటీ నిలవదు. అందుకే మధ్యాహ్నం కొబ్బరి కోరడం అయ్యాక నానమ్మ ఆ మూడోది చదివి వినిపిస్తుంది, లాంగి కంఠతా పట్టేస్తుంది. నానమ్మ కసురుకోదు, ఎందుకని అడగదు, ఎన్నాళ్ల నుంచో అలవాటైన పనిలా చెప్పుకుపోతుంది. ఇప్పుడు మొదటిది టీచరమ్మ చదువుతుంది, మిగతా అందరివీ ఒకటి జరుగుతాయి. లాంగికి నాలుగోది వస్తుంది.

పుస్తకం రానే వచ్చింది. ఏం చేస్తుంది పాపం! పేజీలోకి చూస్తూ తనకు వచ్చిన మూడోదే గడగడా అప్పజెప్పింది.

"ఏమే, మీ అమ్మ ఇప్పుడే చదివిందిగా అది!" ఫిలిపో గొంతు పక్కిల్లు దాటింది. "దేవుడి పుస్తకం పట్టుకుని నాటకాలా?"

"నాకు... అక్షరాలు నిలబడవు నాన్నా."

"నిలబడవా? అయితే రేపట్నుంచి బడి మానేసి నాతో చేమ తోటకి రా. అక్కడ అన్నీ నిలబడే ఉంటాయి!"

టీచరమ్మ ఉండబట్టలేకపోయింది. "ఫిలిపోగారూ, అది బద్ధకం కాదండీ. డిస్లెక్సియా అంటారు. ఇలాంటి పిల్లలు చాలామందే ఉంటారు, తెలివికేం తక్కువుండదు. పక్కన కూర్చుని, పలికిస్తూ, వేలితో దిద్దిస్తూ నిదానంగా నేర్పాలి. కోప్పడితే ఇంకా దాచుకుంటారు. బడి మాత్రం మాన్పించకండి."

"మా ఇంటా వంటా లేదమ్మా అలాంటిది!" అని ఫిలిపో కూతురి వైపు తిరిగాడు. "పో, పోయి ఆ స్తంభం దగ్గర కూర్చో."

గోడల్లేని ఇల్లు. స్తంభానికి ఆనుకుని కూర్చుంటే ఎదురుగా మనిషన్నవాడు లేని రోడ్డు. అవతల ప్రతి ఇంట్లోనూ దీపం చుట్టూ కూర్చుని పిల్లలు చదువుతున్నారు. ఈ దీవి మొత్తం మీద చదవలేనిది తనొక్కతే అనిపించి లాంగికి ఏడుపొచ్చింది. ఎవరికీ వినబడకుండా ఏడ్చింది.

వెనక అమ్మ, లాంగి చదవాల్సిన నాలుగో వచనం తనే చదివేసి పుస్తకం నాన్నకిచ్చింది.

నానమ్మ విసనకర్ర చప్పుడు ఆగిపోయింది. తర్వాత, రోజూ వీధంతా వినబడే నాన్న గొంతు, చాప దాటనంత చిన్నగా మొదలైంది.

లాంగి చెవులు రిక్కించింది. ఇప్పుడే అమ్మ చదివిన నాలుగో వచనం. మళ్లీ అదే, అక్షరం పొల్లుపోకుండా.

కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"నాన్నా, నీక్కూడా నానమ్మే చెబుతుందా?"