బ్యాడ్జి మీద ఊరి పేరు

ముసలావిడ చెయ్యి తగిలి కాఫీ కాస్తా ఎలియట్ చొక్కా మీద ఒలికింది.

"అయ్యో, చూసుకోలేదు బాబూ! ఎలియట్ ట్రాస్క్ అంటే నువ్వేగా? నీతో అయిదు నిమిషాలు మాట్లాడాలి."

ఎలియట్ ఆవిడ ముఖం చూడలేదు. ముందు బ్యాడ్జి చూశాడు.

ఏటా జనవరిలో మినియాపొలిస్ హోటల్లో జరిగే ఆ గణిత సభల్లో ఎవరైనా చేసే పని అదే. బ్యాడ్జి మీద పేరు కింద విశ్వవిద్యాలయం ఉంటుంది. అది లేనివాళ్లకు ఊరి పేరు వేసి సరిపెడతారు. ఎవరికి ఎంతసేపు నవ్వాలో దాన్ని బట్టే తేలిపోతుంది.

'వెర్నా ఓస్ట్‌బీ, బెమిడ్జి' అని ఉంది.

"అయిపోయావ్ పో," అని చెవిలో గొణిగాడు మిత్రుడు డెస్మండ్. "ఊరి పేరువాళ్లతో పెట్టుకోకురా. ఎవరివల్లా కాదని ఎప్పుడో తేలిపోయిన లెక్క తానే చేసేశానంటూ కాయితాలు తీస్తుంది. ఇక నిన్ను వదలదు."

"నా ప్రసంగం అయ్యాక చూద్దాం బామ్మగారూ," అని ఎలియట్ జారుకున్నాడు.

అతని బెంగ అతనిది. నార్త్ డకోటాలో ఓ కాలేజీలో పాఠాలు చెప్పే చిన్న ఉద్యోగం. మే నెలతో ఒప్పందం ముగుస్తుంది. ఈలోగా కొత్త సిద్ధాంతం ఒకటి చూపిస్తే పర్మనెంట్ చేస్తారు. లేదంటే ఇంటికే.

అప్పటికి అతని పేరు నిలబెట్టింది ఒకే ఒక్క వ్యాసం. ద్విపద గుణకాల మీద ఓ సర్వసమీకరణం. నిజానికి అది నిలబడింది అతని వల్ల కాదు. గణితానుగమన పద్ధతితో కుస్తీ పట్టి, పూర్ణసంఖ్యల వరకు ఎలాగో నెట్టుకొచ్చాడు. అందులోనూ ఓ తప్పు దొర్లింది. పత్రికవాళ్లు దాన్ని పరిశీలనకు పంపితే, సంతకం లేని నివేదిక తిరిగొచ్చింది.

'ఇంత అవస్థ దేనికి? రెండు వైపులా ఒకే గుంపును రెండు రకాలుగా లెక్కపెడుతున్నావు, అంతే. పైగా రెండూ బహుపదులు. పూర్ణసంఖ్యలన్నిటి దగ్గరా సమానమైన బహుపదులు ఎక్కడైనా సమానమే. కాబట్టి నీ సమీకరణం ఏ సంఖ్యకైనా నిజం. ఇదంతా నీదిగానే రాసుకో.'

రాసుకున్నాడు. అడుగున 'పేరు తెలియని పరిశీలకులకు కృతజ్ఞతలు' అని ఒక్క వాక్యం పడేశాడు. పరిశీలకుల పేరు రచయితకు చెప్పకపోవడం వాళ్ల కట్టుబాటు.

ఇప్పుడు దానికి ఇంకా విస్తృతమైన రూపాన్ని నిరూపించాలి. ప్లస్సులూ మైనస్సులూ కలగలిసిన ఓ మొత్తం దగ్గర బండి ఆగిపోయింది. ఆ పేరులేని మనిషి దొరికితే కాళ్లావేళ్లా పడైనా దారి అడగాలనుకున్నాడు. అంతటి తెలివి ఆ రంగంలో పెద్ద పేరున్న ప్రొఫెసర్ విట్‌కూంబ్‌కి తప్ప మరొకరికి ఉండదని అతని నమ్మకం.

అందుకే ప్రసంగం చివర, ముందు వరుసలోని విట్‌కూంబ్ వైపు తిరిగాడు.

"నన్ను నిలబెట్టిన ఆ పేరులేని మహానుభావులు ఈ హాల్లోనే ఉన్నారని నా అనుమానం."

విట్‌కూంబ్ అవుననలేదు, కాదనలేదు. చిన్నగా నవ్వి తల వంచాడు. హాలంతా చప్పట్లు. పెద్దమనిషి వాటిని హాయిగా జేబులో వేసుకున్నాడు.

వెనక వరుసలో ఓ చెయ్యి లేచింది.

"ఆ మైనస్సులంటే అంత భయమెందుకు బాబూ? ఒక్కో ప్లస్సుకీ ఒక్కో మైనస్సును జంట కట్టి పంపించెయ్. జంట దొరక్క మిగిలినవే నీ జవాబు."

"ఇది డాన్సు క్లాసు కాదు బామ్మగారూ," అన్నాడు ఎలియట్.

అందరూ నవ్వారు. విట్‌కూంబ్ మరీ గట్టిగా నవ్వాడు.

ఆవిడ కూర్చుండిపోయింది. సభ ముగిశాక మాత్రం కోటు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"నా బస్సుకి టైమవుతోంది బాబూ. ఒక్కసారి ఆ బోర్డు దగ్గరికొస్తే..."

"వచ్చే ఏడు చూద్దాం లెండి," అంటూ ఎలియట్ ఆవిడను తప్పించుకుని విట్‌కూంబ్‌కి తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయనకు ఖరీదైన భోజనం పెట్టించి, మైనస్సుల గండం దాటే దారి అడిగాడు.

"నీ అంతట నువ్వే కనుక్కుంటే ఆ మజా వేరు," అని విట్‌కూంబ్ ఇంకో గ్లాసు వైను పోయించుకున్నాడు.

ఆ దారి దొరకలేదు. మేలో ఉద్యోగం పోయింది.

మళ్లీ జనవరిలో, ఎక్కడైనా ఓ కొలువు దొరక్కపోతుందా అని అదే సభలకు వెళ్లాడు. ఈసారి అతని పేరు కింద 'ఫార్గో' అని ఊరి పేరు వేశారు. డెస్మండ్ ఎదురుపడ్డాడు, బ్యాడ్జి చూశాడు, "ఇప్పుడే వస్తా," అని వెళ్లి మళ్లీ కనబడలేదు.

ఆ ఏడాది పోయినవాళ్లకు నివాళిగా అందరూ లేచి నిలబడ్డారు. తెర మీద ఒక్కొక్క ఫొటో వస్తోంది. చివరి ఫొటోలో బెమిడ్జి ముసలావిడ.

ఎలియట్ పక్కనున్న ఇంగ్రిడ్ హేల్, అతని వ్యాసం వేసిన పత్రిక సంపాదకురాలు, కళ్లు తుడుచుకుంది.

"ఈవిడ మీకు తెలుసా?" అన్నాడు ఎలియట్. "పోయినేడు నా ప్రసంగంలో లేచి, జంటలు కట్టమంటూ ఏదో చెప్పబోయింది."

"చెప్పిందా? హమ్మయ్య!" అంది ఇంగ్రిడ్. "నీ ప్రసంగం సారాంశం చదివి, అబ్బాయి ఎక్కడ ఆగిపోయాడో తెలిసింది, నేనే వెళ్లి చెప్తానని అంత జబ్బులోనూ బస్సెక్కింది. మరి ఆ దారినే వెళ్లావా?"

ఎలియట్ తల అడ్డంగా ఊపాడు.

"తను పోయేదాకా పేరు బయటపెట్టొద్దని మాట తీసుకుంది గానీ," అంది ఇంగ్రిడ్ తెర వైపే చూస్తూ, "నీ వ్యాసాన్ని నిలబెట్టిన ఆ పరిశీలకురాలు వెర్నాయేనయ్యా."