ఎనభై దాటనివ్వకూడదు

"ఆపొద్దు! ఏం చేసినా సరే, దాన్ని మాత్రం ఆపొద్దు!"

డ్రాయింగు టీచరు లాప్‌టాప్‌ను తెరిచింది తెరిచినట్టే రెండు చేతుల మీద మోసుకొచ్చి రిపేరు షాపు బల్ల మీద పెట్టింది. రొప్పు ఇంకా తగ్గలేదు. తెర మీద బ్యాటరీ పదకొండు శాతం చూపిస్తోంది.

మెకానిక్ చార్జరు గుచ్చి చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"పిన్ను పెట్టే చోటు మాడిపోయిందమ్మా. ఆపి, విప్పితే గానీ కుదరదు."

"ఆపినా, మూత వేసినా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది నాకు తెలీదు. పెట్టింది మా ఆయన."

"అయితే ఆయన్నే అడగండి."

"ఇప్పుడు అడిగే వీలు లేదు బాబూ."

మెకానిక్ నాలిక కరుచుకున్నాడు. ఆ మాట ఇక ఎత్తలేదు.

"అందులో ఆయన మాటలున్నాయి. నన్ను పిచ్చుకా, పిచ్చుకా అని పిలుస్తూ రికార్డు చేసినవి. అవి దక్కితే చాలు. మిగతాది ఏ గంగలో కలిసినా ఫర్వాలేదు."

"మరి ఇన్నాళ్లూ కాపీ ఎందుకు తీసుకోలేదమ్మా?"

"ఎప్పుడూ ఆపనుగా, ఏమవుతుందిలే అనుకున్నాను."

మెకానిక్ సొరుగు వెతికి ఓ పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. కాపీ మొదలైంది. నత్తనడక నడుస్తోంది.

పక్కన స్టూలు మీద, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఇంకోటి పెట్టుకుని కూర్చున్న పెద్దాయన మెడ సాచి చూశారు. రిపేరు షాపన్నాక ఉచిత సలహాలకు కొదవేముంటుంది?

"ఎనభై దాటనివ్వకూడదు, ఇరవైకి దిగనివ్వకూడదు. పరుపు మీద పెట్టి అసలే వాడకూడదు. వేడికి బ్యాటరీ చచ్చిపోతుంది," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

"మీరు కాస్త ఊరుకోండి సార్," అని విసుక్కున్నాడు మెకానిక్.

"తెర వెలుతురు తగ్గించు బాబూ. వైఫై కూడా ఆపెయ్."

అది పనికొచ్చే మాటే. మెకానిక్ మొహం చిట్లించుకుంటూనే ఆ రెండు పనులూ చేశాడు.

ఎనిమిది. ఆరు. టీచరు తెర మీదికి వంగింది.

"ఇంత కిందికి దించితే పాడైపోతుంది. ఆపెయ్యాలి," అంటూ పెద్దాయన లేచి, మూత మీద చెయ్యి వేశారు.

"వద్దు!"

ఆ అరుపుకి రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూశారు. ఆమె రెండు చేతులతో ఆయన చేతిని గట్టిగా పట్టుకుని ఆపింది. పెద్దాయన బిక్కచచ్చిపోయారు.

"క్షమించమ్మా. దాని మేలు కోరే చెప్పాను."

ఆమెకి ముందు కోపం వచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. రెండూ దిగమింగి తెర వైపు తిరిగింది.

మూడు. రెండు. కాపీ ఇంకా సాగుతూనే ఉంది.

"ఇంత పాత బ్యాటరీ, ఇంకోటైతే ఈపాటికి చేతులెత్తేసేది," అని గొణిగాడు మెకానిక్. "ఎవరో గానీ దీన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు."

"మా ఆయనే."

కాపీ పూర్తయింది. మెకానిక్ పెన్‌డ్రైవ్ లాగి ఆమె చేతిలో పెట్టేసరికి తెర నల్లబడిపోయింది. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించి, ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. డబ్బులివ్వబోతే మెకానిక్ వద్దన్నాడు.

"మీవారు మంచి జాగ్రత్తపరుడమ్మా. ఆయనంటే మీకు చాలా ఇష్టంలా ఉంది," అన్నారు పెద్దాయన.

"అవునండీ," అంటూ ఆమె, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్న తన భర్తను చెయ్యి పట్టుకుని నెమ్మదిగా షాపు మెట్లు దించింది.