భయం తీసిన రిసీవర్

ఎల్లాజీ విశాఖ జట్టులో రిసీవర్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పరుగెత్తుతూ బంతి పట్టడం అతని పని. మీద పడేవాళ్లను చూసి బెదరకూడదని క్లబ్బు అతని తలలోంచి భయం తీయించేసింది. ఇప్పుడు అన్ని క్లబ్బులూ అదే చేస్తున్నాయి, అడిగే నాథుడు లేడు. మైదానంలో పోయిన భయం ఇంట్లో మాత్రం ఉంటుందా?

పదో అంతస్తు బాల్కనీలో అతని భార్య నూకరత్నం బట్టలారేస్తోంది. అతను ఏడాది నిండని కూతుర్ని ఎగరేసి పడుతున్నాడు.

"మావా, లోపలికెళ్లి ఆడించు. నీకు దండమెడతాను."

"ఏటే నీ గోల? నా సేతుల్లోంచి జారిపోద్దేటి?"

"ఆదివారం జారలేదేటి? రెండు బంతులు ఒగ్గేశావు."

"ఒగ్గేస్తే ఏటైంది? మళ్లీ ఇసిరారు కదా!"

నవ్వుతూ పిట్టగోడెక్కి నిలబడ్డాడు. పాపను ఇంకా పైకి విసిరాడు.

నూకరత్నం కేకను గొంతులోనే నొక్కేసుకుంది. అరిస్తే అతను ఇటు చూస్తాడు.