కాలేబు వంతు

కాలేబు బల్ల చుట్టూ మూడోసారి తిరిగాడు. కర్ర మొనకు మళ్లీ చాక్ రుద్దాడు. చొక్కా జేబు తడుముకుని, గోడ గడియారం వైపు చూశాడు. బంతిని మాత్రం కొట్టలేదు.

పూల్ ఆటలో నిదానించేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా శంషాబాద్‌లో కాలేబంత వేగంగా ఆడేవాడే లేడు.

"ఏందన్నా, బంతికి ముహూర్తం చూస్తున్నవా?"

"జర ఆగు తమ్మీ. ఇయ్యాల మనసు మంచిగ లేదు."

నిజమే అనుకున్నాను. అతని భార్య సిల్వియా నర్సు ఉద్యోగానికి ఆ మధ్యాహ్నమే మస్కట్ విమానం ఎక్కుతోంది. ఆమెను ఎయిర్‌పోర్టులో దింపి నేరుగా ఇక్కడికే వచ్చాడు.

బల్ల అంచున అతని ఫోన్ మోగింది. తెర మీద సిల్వియా పేరు. ఆగింది, మళ్లీ మోగింది. అతను గురి చూస్తూనే ఉన్నాడు. ఏడోసారికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పోయేటోళ్లు ఊకెనే ఏడుస్తరన్నా. గది వినుకుంట కూసుంటే ఆట ఎప్పుడైతది?" అని ఫోన్ ఆపేశాను.

కాలేబు నా భుజం తట్టాడు.

గడియారంలో మూడైంది. అతను వంగి, మిగిలిన ఆరు బంతులనూ, చివరికి నల్లదాన్నీ గుక్క తిప్పుకోకుండా గుంటల్లోకి పంపాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎయిర్‌పోర్టుల చెక్-ఇన్ కౌంటర్ బందైంది," అన్నాడు.

జేబులోంచి నీలం అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. సిల్వియా పాస్‌పోర్టు.

"ఇగ ఫోన్ చాలూ చెయ్యి తమ్మీ. ఇప్పుడే దొరికిందని చెప్త."