బ్రౌజర్ మార్చిన మనిషి

"ఐదింటిలోపు పంపకపోతే ఇకమీదట పని ఇంకొకరికి ఇచ్చేస్తాం" అని ప్రచురణకర్త ఫోన్ పెట్టేశాడు. గడియారం మూడున్నర చూపిస్తోంది.

దిద్దుబాటమ్మ నెత్తి పట్టుకుంది. ఆమె పుస్తకాల ప్రూఫులు చూస్తుంది. లిఫ్టులో అంటించిన నోటీసును కూడా ఎర్రపెన్నుతో దిద్దుతుంది కాబట్టి అపార్ట్‌మెంటువాళ్లు ఆ పేరు పెట్టారు. నాలుగు వందల పేజీల నిఘంటువు దిద్దడం అయిపోయింది. ప్రచురణకర్త సైటులోకి ఎక్కించడమే తరువాయి. ఎక్కించే బటన్ నొక్కబోతే చాలు, బ్రౌజర్లో పొట్ట తగ్గించే బెల్టు ప్రకటన వచ్చి దానిమీద కూర్చుంటోంది. అది మూస్తే బట్టతలకు నూనె. అదీ మూస్తే మొత్తం బిగుసుకుపోతోంది.

ఎవరినైనా పిలిపించమని పది రోజులుగా మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆయన ఉలకలేదు, పలకలేదు. ఇవాళే, స్నానానికి వెళ్లినవాడు నీళ్ల హోరులోంచి కేకేశాడు.

"ఏమేవ్! మనిషికి ఫోన్ చేశాను. రాగానే లోపలికి పంపించు!"

ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకుంది ఆమె.

పావుగంటలో గంట మోగింది. నడివయసు మనిషి, భుజాన బరువైన సంచీ.

"సమస్య ఎక్కడమ్మా?"

"లోపలికి రా నాయనా. ఇదిగో!" అంటూ కంప్యూటర్ ముందు కుర్చీ లాగింది.

అతను తెరను చూశాడు. ఆమెను చూశాడు. "ఇదా?"

"ఇదే! ఐదింటికల్లా బాగుపడకపోతే నా కొంప మునుగుతుంది."

అతను సంచీ కింద పెట్టి కూర్చున్నాడు. "బ్రౌజర్ పాతదమ్మా. చెత్తంతా లోపలికి వదులుతోంది. పైగా మీ సమాచారమంతా బయటికి లీకు. వేరేది పెడదాం. వేగం కావాలా, గుట్టు కావాలా, నచ్చినట్టు సర్దుకునేది కావాలా?"

"తప్పుల్లేనిది కావాలి."

అతను మూడు బ్రౌజర్లు దించాడు, దేన్ని దాని సొంత సైటు నుంచే. మొదటిదాని మెనూలో 'చరిత్ర'కు బదులు 'చరిత' అని ఉంది.

"తీసెయ్!"

రెండోదాంట్లో 'గోప్యతత'.

"అమ్మా, ఇది చాలా వేగంగా పోతుంది."

"వేగంగా పోయి గోతిలో పడుతుందా? తీసెయ్!"

మూడోదాన్ని కళ్లద్దాలు సర్దుకుని చదివింది. ఒక్క కామా ఎక్కువైంది. పెద్దమనసుతో క్షమించేసింది.

లోపలి నుంచి మొగుడి గొంతు. "వచ్చాడా?"

"వచ్చాడండీ! చూస్తున్నాడు!"

"త్వరగా కానిమ్మను!"

అతనికి హుషారొచ్చింది. పాత బుక్‌మార్కులన్నీ కొత్తదాంట్లోకి తెచ్చాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. పైన ఇరుక్కున్న ట్యాబులను పక్కకు దించాడు. ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ ఒకటి తగిలించాడు.

"ఇంకో నాలుగు పెట్టు, ఉచితమేగా" అందామె.

"ఉచితమని తలుపుకు ఐదు తాళాలు వేసుకుంటామా అమ్మా? ఒకటి చాలు. ట్యాబులు పక్కనుంటే ఎంత సుఖమో చూడండి. ఈ ముక్క మా ఆవిడకు చెబితే 'ముందు అన్నం తినండి' అంటుంది." అతను బ్రౌజర్‌కు పెట్టుకోగల రంగులు చూపించసాగాడు.

"ఏమేవ్! ఇంకెంతసేపు? నా వల్ల కావట్లేదు!"

"కంగారు పెట్టకండి! రంగు దగ్గరున్నాం!"

"రంగేమిటే?"

"వంకాయ రంగు!"

నాలుగూ యాభై రెండుకు ఆమె బటన్ నొక్కింది. బెల్టు రాలేదు. నూనె రాలేదు. 'మీ ఫైలు చేరింది' అని వచ్చింది. అందులో అచ్చుతప్పు కూడా లేదు. ఆమె కళ్లు చెమర్చాయి.

"దేవుడిలా వచ్చావు నాయనా! ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఎక్కడా నేర్చుకోలేదమ్మా. సరదా కొద్దీ..." అతను సిగ్గుపడిపోయాడు.

అప్పుడే లోపల తలుపును కాలితో తన్నిన చప్పుడు, వెంటనే మొగుడి అరుపు:

"ఏమేవ్, పగిలిన పైపుకి రెండు చేతులూ అడ్డం పెట్టి గంట నుంచి నిలబడ్డాను, ఆ ప్లంబర్ని బాత్రూంలోకి పంపిస్తావా లేదా?"