సోమవారం బస్సు

"భద్రాచలంల నాకెవరున్నరు తమ్మీ? బస్సెక్కి ఏం జెయ్యాలె?" అంది గంగక్క, చేతిలో చేట పక్కన పెట్టి.

"పనుండి కాదక్కా. ఊరికే ఎక్కు. ఆధార్ కార్డు పట్టుకుంటే ఆడోళ్ళకు టికెట్ గూడ లేదాయె."

గంగక్క నవ్వింది. సారయ్య నవ్వలేదు.

కరోనాకు ముందు ఆ అడవి దారిలో రోజూ బస్సు తిరిగేది. కరోనాలో ఆగింది. మళ్ళీ వచ్చేసరికి జనం మారిపోయారు. పక్కన మనిషి కూర్చుంటే జంకు. అప్పో సప్పో చేసి ఇంటికో మోటారు బండి కొనుక్కున్నారు. బస్సు ఖాళీగా తిరిగి తిరిగి, చివరికి రావడమే మానేసింది.

సారయ్య కూతురు శ్యామలకు బండి పనికిరాదు. రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్‌కు భద్రాచలం వెళ్ళాలి. ఓసారి బండి మీద కళ్ళు తిరిగి పడింది. ఆటో కిరాయిలకు ఇంట్లో ఉన్న మేకలన్నీ అయిపోయాయి. శనివారం వంతు తప్పింది. మొహం ఉబ్బింది, ఆయాసం పెరిగింది.

కాళ్ళావేళ్ళా పడితే డిపో మేనేజరు ఒక మాటన్నాడు. "సోమవారం పొద్దున ఒక బస్సు పంపుతా. నిండితే రోజూ వస్తది. ఖాళీగా వచ్చిందా, ఇంక నా దగ్గరికి రావద్దు."

అందుకే ఆదివారమంతా సారయ్య, బస్సు బయల్దేరే ఎగువ ఊళ్ళన్నీ కాళ్ళరిగేలా తిరిగాడు.

భద్రాచలం దారిలోని సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి పోయే భీమ్లా ఓ పట్టాన ఒప్పుకోలేదు. "బండి మీదైతే జల్దీ పోత కాకా. బస్సుల ఎవని దగ్గు ఎవనికి అంటుతదో."

"మూతికి గుడ్డ కట్టుకో బిడ్డా. ఒక్క రోజు. నా శ్యామల కోసం."

భీమ్లా తల గోక్కున్నాడు. "గట్లయితే మా తండా మొత్తాన్ని ఎక్కిస్త తియ్. నువ్ ఇంటికి వో."

సోమవారం తెల్లవారగానే సారయ్య కూతుర్ని పొదివి పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాడు. ఆమె నిలబడలేక రాయి మీద కూలబడింది.

"వస్తదా బాపూ?"

"వస్తది."

మలుపులో హారన్ వినిపించింది. సారయ్య రెండు చేతులూ ఎత్తాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న భీమ్లా సంబరంగా కేకేశాడు.

"కాకా, కాలు వెట్ట సందు లేదు. ఇగ నీ బిడ్డకు రోజూ బస్సే..."

ఆ మాట పూర్తయ్యేలోపే, లోపల చోటు లేదని డ్రైవరు చెయ్యి ఊపి, బస్సును ఆపకుండా పోనిచ్చాడు.